పక్షిని చూపువాడు

దసరానాటి సాయంకాలమున జమ్మికి మ్రొక్కి, బంగారమని ఆ ఆకును పెద్దల చేతులలో నుంచి దీవెనలు పొంది, పిమ్మట ఊరి పొలిమేర దాటి, తీగలమీదను తుమ్మకొమ్మలమీదను పాలపిట్ట కనబడునేమో యని వెదకుచు పోవుట తెలంగాణమున ఇంటింటి ఆచారము. మా ఆర్మూరులోను నవనాథ సిద్ధుల గుట్ట దిగువనున్న పొలములవైపు పిల్లలను వెంటబెట్టుకొని పోవు పెద్దలు నేటికిని కలరు. పక్షిని చూచుటకై పనిగట్టుకొని బయలుదేరుట తీరికగల నగరవాసుల వేడుక మాత్రమే యని తలచువారికి ఈ ఆచారమే తగిన సమాధానము. అయితే కొంతకాలముగా పట్టణములలో దీనికొక చీడ పట్టినది. పాలపిట్టను వలపన్ని పట్టి, ఎగురకుండ రెక్కలు బిగించి, పంజరమున నుంచి, గుడి ముంగిట నిలిచి, వచ్చినవారికెల్ల దర్శనము చేయించి రూపాయలు పుచ్చుకొనువారు బయలుదేరిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అది నేరము. నేరమగుట యటుండగా, తెలంగాణ రాష్ట్రపక్షిగా మనము గౌరవించుకొను ప్రాణిని ఆకలిదప్పులతో నలుగజేసి దానియందు విజయలక్ష్మిని దర్శించితిమనుకొనుట ఎంత దైన్యము!

పక్షిని మనకెవరు చూపవలెను, ఎట్లు చూపవలెను అను ప్రశ్న నన్ను చాలకాలముగా వెన్నాడుచున్నది. పక్షిని దాని తావుననే, దాని పనికి భంగము కలుగకుండ, దాని బ్రతుకుతెరువు బోధపడునట్లు చూపగల మనుష్యుడు ఒక విద్యావంతుడనియు, ఆ విద్య పుస్తకమునందుకాక పరిసరమునందు పుట్టి పెరిగినవారికే పూర్ణముగ అబ్బుననియు, అట్టివారికి తగిన శిక్షణము, జీతము, అధికారపత్రము ఇచ్చి నిలుపుకొనుట ప్రభుత్వముల ధర్మమనియు నా నిశ్చితాభిప్రాయము. ఈ అభిప్రాయము నాకు ఇంటిలో కూర్చుండగా కలిగినది కాదు. గోదావరి సముద్రమున కలియుచోట, కాకినాడకు చేరువనున్న కోరంగి మడ అడవులలో, ఒక పడవలో కూర్చుండగా కలిగినది.

పసుపు అంగడి ఊరివానికి కోరంగితో ఏమి పని యని కొందరడుగవచ్చును. త్ర్యంబకమున పుట్టిన గోదావరి మహారాష్ట్రమును దాటి కందకుర్తి వద్ద మంజీర, హరిద్రలతో కలిసి మన జిల్లాలో అడుగుపెట్టును. బాసరలో సరస్వతి పాదములు కడిగి పోచంపాడు వద్ద ఆగును. అక్కడ 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము నేడు కాకతీయ, సరస్వతి, లక్ష్మి కాలువలుగ చీలి ఉత్తర తెలంగాణమును తడుపుచున్నది. ఆ జలాశయపు వెనుకనీటినుండియే గుత్ప ఎత్తిపోతల మన ఆర్మూరు చేలకు నీరు చేదుచున్నది. మన పసుపును, మన ఎర్రజొన్నయు త్రాగగా మిగిలిన నీరు క్రిందికి సాగి, ప్రాణహితను, ఇంద్రావతిని, శబరిని కలుపుకొని మహానదమై, పాపికొండల నడుమ ఇరుకుకొని, ధవళేశ్వరము వద్ద గౌతమిగను వసిష్ఠగను చీలి, కడకు కోరంగి బురదలో ఉప్పునీటితో ఏకమగును. 2014లో రాష్ట్రములు రెండైనను నది యొక్కటియే. ఎగువ గట్టున నీరు పట్టుకొను హక్కు గురించి దశాబ్దములుగా వాదించుకొను మనలో, ఆ నీటి కొసను ఒక్కమారైన కన్నులార చూచినవారెందరు?

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మాకు కూలికై పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగివారనియే పిలిచిరి. 1789లోను 1839లోను వచ్చిన తుపానులు ఆ రేవును తుడిచిపెట్టినవి. ఊరు చిన్నదైనను దాని చుట్టునున్న అడవి నిలిచినది; 1978లో 235.70 చదరపు కిలోమీటర్ల మేర అది అభయారణ్యమైనది. తూర్పుతీరమున సుందరవనముల పిమ్మట చెప్పుకొనదగిన మడ అడవులలో ఇది యొకటి. దీనికి ఎదుట, కాకినాడ అఖాతమునకు అడ్డుగోడవలె, సముద్రము తానే పోసికొన్న సన్నని ఇసుక తిన్నె హోప్ దీవి పేరుతో ఉత్తరముగా చాగియున్నది. శీతకాలము ముదిరిన పిమ్మట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఆ ఇసుకకే వచ్చును. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కూల్చిన తుపానును అనుభవించిన పెద్దలు, మడచెట్ల చాటుననున్న ఊళ్లకు అలల తాకిడి తగ్గినదని నేటికిని చెప్పుదురు.

నన్ను తీసికొనిపోయిన మార్గదర్శకుడు ఆ తీరపు మత్స్యకార కుటుంబమువాడు. బాల్యమున తండ్రి వెంట మండపీతలకును రొయ్యలకును ఆ యేరులలో తిరిగినవాడు. పిమ్మట శిక్షణ పొంది పక్షుల ఇంగ్లీషు పేర్లు నేర్చినవాడు. తెల్లవారకముందే బయలుదేరవలెనని నేను తొందరపడగా ఆయన ఒప్పుకొనక, “ఇంకాసేపు ఆగండి బాబుగారూ, నీరు పాటుకు తిరగాలి” అని నెమ్మదిగ పలికెను. మెట్టప్రాంతమువారమైన మనకు కాలమనగా సూర్యుడు. ఆ తీరమున కాలమనగా చంద్రుడు. దినమునకు రెండుమారులు పోటు, రెండుమారులు పాటు. అవియును నిన్నటి వేళకు నేడు రాక, రోజురోజునకు ముప్పాతిక గంటకు పైగా వెనుకబడుచు వచ్చును. పోటువేళ బురదమేటలన్నియు నీట మునిగియుండగా వలసపక్షులు ఏ ఇసుక తిన్నెమీదనో గుంపుగ నిలిచి కునుకుచుండును. నీరు తీసినకొలది బురద బయటపడి, అందలి పురుగులును నత్తలును చిన్న పీతలును వానికి విందగును. ఆ నడిమి గడియలలో పోయినవాడు పక్షులను చూచును. తక్కిన వేళలలో పోయినవాడు నీటిని చూచి తిరిగివచ్చును.

ఏటిలో కొంతదూరము పోయిన పిమ్మట ఆయన ఇంజను ఆపి గెడ వేసెను. ఇరువైపుల మడచెట్లు, వాని మొదళ్ల చుట్టును బురదలోనుండి మేకులవలె పైకి పొడుచుకొని వచ్చిన శ్వాసవేళ్లు. ఊపిరి ఆడని బురదలో బ్రతుకుటకు ఆ వేళ్లు గాలిని పీల్చి క్రిందికి పంపుననియు, మడ ఆకును నాలుకకు తాకించినచో ఉప్పగ నుండుననియు, త్రాగిన ఉప్పును ఆ చెట్టు ఆకులగుండ చెమర్చి వెడలించుననియు ఆయన చూపి చెప్పెను. పొన్నచెట్టు కాయ కొమ్మమీదనుండగనే మొలకెత్తి, మూరెడు మొలకయై, బరువునకు జారి బురదలో గ్రుచ్చుకొనుటయు అక్కడనే చూచితిని. తిల్లచెట్టు కొమ్మను తొలగింపబోయిన నా చేతిని మాత్రము ఆయన చప్పున ఆపెను. దాని పాలు కంటబడినచో చూపునకే ప్రమాదమట. పక్షిని చూపుటకు వచ్చినవాడు ముందుగ చెట్టునేల చూపవలెనని నాకు సందేహము కలుగలేదు. నల్లతల లకుముకి యొకటి, పగడపు ముక్కుతోను, తెల్లని కంఠాభరణముతోను, నీలపు వీపుతోను, ఆ పొన్నవేళ్లమీదనే కూర్చుండి పీతకై కాచుకొనియుండగా, చెట్టు తెలియని కంటికి ఆ పక్షి యేల తెలియును? దాని కూత నాకు వినబడకమునుపే ఆయన గెడ ఆగినది. నేను బైనాక్యులర్ ఎత్తునప్పటికి ఆయన వ్రేలు ఆ వేళ్లవైపు చూపుచుండెను.

మొగకు చేరునప్పటికి నీరు బాగుగ తీసినది. అక్కడి బురదమేటమీద నేను చూచినది వర్ణించుటకు నాకు సాహసము చాలదు. అర్థమైనది మాత్రము చెప్పెదను. దూరమునుండి అన్నియు ఒకే బూడిదవన్నె పిట్టలుగ తోచిన ఆ గుంపును ఆయన ముక్కులనుబట్టి విడదీసి చూపెను. కర్లూ అను పెద్దపక్షి ముక్కు కొడవలివలె క్రిందికి వంగి, బురదలో జానెడు లోతున దాగిన పురుగును లాగును. ఉల్లంకి జాతివి పలువిధములు. ఒక్కొక్కదాని ముక్కు ఒక్కొక్క కొలత, ఒక్కొక్క లోతు. టెరెక్ అను చిన్న ఉల్లంకి ముక్కు మీదికి తిరిగి, పరుగెత్తు పీతను పరుగెత్తియే పట్టును. పొట్టిముక్కు ప్లోవర్లు బురద పైపొరమీద మాత్రమే ఏరుకొనును. ఒకే మేటమీద, ఒకే గడియలో, ఇన్ని జాతులు ఒకదాని కడుపు ఒకటి కొట్టకుండ మేయుటలోని ఏర్పాటు ఇది. ఆ గుంపులో సైబీరియా ఈశాన్యమున గ్రుడ్లు పెట్టి ఇంతదూరము వచ్చిన గ్రేట్ నాట్ కలదు. ప్రపంచమున అంతరించు ప్రమాదమున ఉన్నదని లెక్కింపబడిన జాతి యది. ఈ తీరమున అవి వేసవికి ముందు కొవ్వు పట్టనిచో, తిరుగు ప్రయాణమునకు రెక్కలలో సత్తువ ఉండదు.

మాతో వచ్చినవారిలో ఒకరు, గుంపు ఒక్కమారుగ లేచి ఎగురుచుండగా ఫోటో తీయవలెనని, పడవను ఇంకను దగ్గరకు పోనిమ్మని కోరిరి. అధికముగ సొమ్మిత్తుమనియు పలికిరి. మార్గదర్శకుడు వినయముతోనే, కాని స్థిరముగ, నిరాకరించెను. మేత గడియలు దినమునకు కొలదియే. లేపినప్పుడెల్ల ఆ పక్షి తిన్నదానిలో కొంత రెక్కలకు ఖర్చు పెట్టవలెను. రోజునకు పది పడవలు పది మారులు లేపినచో దానికి మిగులునదేమి? పంజరమున పాలపిట్టను పెట్టి చూపువాడును చూపువాడే, ఈయనయు చూపువాడే. సొమ్ము వచ్చుచుండగా చూపనని చెప్పగలుగుటలో వారిరువురి భేదమంతయు నున్నది.

మా మార్కెట్టులో ఖరీదుదారు రాశిలోనుండి ఒక పసుపు కొమ్మును తీసి, విరిచి, ఆ చప్పుడును విని, లోపలి వన్నెను చూచి, అందెంత తడి యున్నదో, ఎట్లు ఉడికినదో క్షణములో చెప్పును. ఆ తీర్పును ఏ కళాశాలయు నేర్పలేదు, అయినను రైతు ఏడాది కష్టము దానిమీదనే ఆధారపడియున్నది. కోరంగి పడవవాని కన్నును చెవియు అట్టివే. అయితే ఖరీదుదారు విద్యకు వెల యున్నది. పడవవాని విద్యకు దినకూలి మాత్రమే యున్నది.

స్థానికుని కన్ను శాస్త్రమునకు ఎంతటి ఉపకారము చేయగలదో తెలుగుదేశపు చరిత్రమే సాక్ష్యము చెప్పును. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని శాస్త్రజ్ఞులు ఆశ వదలుకొన్న కలివికోడి, 1986 జనవరిలో కడపజిల్లా లంకమల ప్రాంతమున మరల దొరకినది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ గ్రామగ్రామమునకు దాని చిత్రపటము చూపి అడుగగా, రాత్రులు ఆ ముళ్లపొదలలో తిరుగు అలవాటుగల ఒక పల్లెవాసి దానిని తెచ్చి చూపెను. ఎనుబదియారేండ్లు శాస్త్రమునకు కానరాని పక్షి ఆ పల్లెవాసికి పొరుగునే యుండెను. నిజాము ప్రభుత్వపు సాయముతో సలీం అలీ 1931–32లో హైదరాబాదు రాజ్యపు పక్షులను సర్వే చేసిన కాలమునుండి నేటివరకు, ప్రతి పరిశోధకుని ముందును ఒక స్థానికుడు నడిచినాడు; పుస్తకమున మాత్రము వాని పేరు అరుదుగ కనబడును.

ఆ విద్యకు వెల కట్టిన చోటును చెప్పెదను. ఒడిశాలో చిల్కా సరస్సు ఉత్తరపుటంచున మంగళాజోడి అను పల్లె కలదు. ఒకప్పుడు ఆ పల్లెవారు వలసబాతులను వేటాడి సంతలకు అమ్ముటయందు ప్రసిద్ధులు. రెండువేల సంవత్సరము ప్రాంతమునుండి ఆ వేటగాండ్రే ఆయుధములు విడిచి సమితిగ ఏర్పడి, కావలివారై, సన్నని దోనెలలో యాత్రికులను కూర్చుండబెట్టి గెడ వేయుచు పక్షులను చూపు మార్గదర్శకులైరి. పక్షి యే గడ్డిలో దాగునో వేటగానికంటె తెలిసినదెవరికి? చచ్చిన పక్షికంటె బ్రతికిన పక్షి ఏటేటా అధికముగ సంపాదించిపెట్టునని వారికి అనుభవమునకు వచ్చిన పిమ్మట, వారిని కాపలా కాయ నక్కరలేకపోయినది.

మన ప్రభుత్వములు తీరమున చేయుచున్నది వేరు. కోరంగిలో చెక్కవంతెన వేసిరి. అది మంచిదే, ముసలివారును పిల్లలును అడవిలోనికి కాలు తడవకుండ నడువగలుగుచున్నారు. కాలువలు చేపముల్లు ఆకారమున త్రవ్వి, పోటునీటిని లోపలికి పారించి, చచ్చిన మడభూములను మరల పచ్చపరచిన పనియు కొనియాడదగినదే. కాని యాత్రికులసంఖ్య పెరిగినకొలది పెద్ద ఇంజను పడవలును, వానిలో పాటల పెట్టెలును పెరుగుచున్నవి. పడవ నడుపువాడు చోదకుడుగ మాత్రమే మిగులుచున్నాడు. పడవలకు లైసెన్సులున్నవి, వంతెనకు కాంట్రాక్టులున్నవి. ఆ నడుమ కూర్చుండి పోటుపాటులు చెప్పువాని స్థానము ఎక్కడ? ఒక తీరమున, మరియొకమారు, పక్షులను చూపెదమని సొమ్ము పుచ్చుకొన్న యొక సంస్థవారు మమ్ము నిండుపోటున నీటిమీద గిరగిర త్రిప్పి, కనబడినదెల్ల కొంగయని చెప్పి దింపిరి. అందు పడవవాని తప్పు లేదు. వానికి నేర్పినవారును లేరు, నేర్చినచో అధికముగ ఇచ్చువారును లేరు.

ఎగువవారమైన మనమెట్లు సంబంధులమో ఇప్పుడు చెప్పవలెను. మడ అడవి నిలుచునది ఒండుమీద. శ్రీరామసాగరము కట్టునాటికి 112 టీఎంసీల నీరు పట్టవలసినది, ఒండు పేరుకొనిపోయి నేడు దాదాపు 80 టీఎంసీలకు దిగినది. మనకది జలాశయపు నష్టముగ మాత్రమే కనబడుచున్నది; డెల్టాకు అది రావలసిన మన్ను. ఒక్క పోచంపాడే కారణమని నేననను. నదిపొడవున ఆనకట్టలు అనేకములు, డెల్టాకు చేరు వరదలో పెద్దపాలు ప్రాణహిత, ఇంద్రావతులది. అయినను ఎగువ ఆనకట్టలవలన ఒండు తగ్గుటయే గోదావరి డెల్టా అంచు కోతకు గురియగుటకు ముఖ్యకారణమని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించిరి. అట్లు కోసుకొనిపోవు అంచునందే మడచెట్లును బురదమేటలును ఉన్నవి.

ఇసుక కథయు ఇట్టిదే. హోప్ దీవి ఇసుకమీద చలికాలమున వ్రాలు ఇండియన్ స్కిమ్మర్ అను పక్షిని ఆ మార్గదర్శకుడు నాకు చూపెను. నారింజవన్నె ముక్కులో క్రిందిభాగము పైభాగముకంటె పొడవైనది. ఆ క్రిందిముక్కుతో నీటిపైపొరను కత్తితో కోసినట్లు కోసికొనుచు ఎగిరి చేపను పట్టును. సముద్రతీరము దానికి విడిది మాత్రమే. వేసవిలో అది చంబల్, మహానదివంటి లోపలి నదుల ఇసుక దిబ్బలమీద గ్రుడ్లు పెట్టును. దిబ్బలను లారీలకెత్తినను, ఎగువన నీరాపుటచే దిబ్బకును గట్టునకును నడుమ నీరెండి కుక్కలు నడిచివచ్చినను, అకాలమున గేట్లెత్తినను ఆ యేటి సంతానము నశించును. ఎక్కడి ఇసుకనో త్రవ్వినచో ఎక్కడి పక్షియో తగ్గునను మాట తరగతిలో చెప్పినచో పిల్లలు వ్రాసికొందురు. ఆ ముక్కును చూచిన పిల్లవాడు మంజీర ఇసుక లారీని మరియొక కంటితో చూచును.

కావున నేను కోరునది మన జిల్లానుండియే ఆరంభము కావలెను. శ్రీరామసాగరపు వెనుకనీటి అంచున, నందిపేట వైపున, కృష్ణమృగములు మేయుచున్నవి. శీతకాలమున చక్రవాకములు దిగుచున్నవి. ఎర్రజొన్న కంకిపట్టు వేళ గులాబీ గోరువంకలు మబ్బులై వచ్చును. ఆ నీటిలో వలవేయు బెస్త, ముదిరాజు యువకులకు ప్రతి కొంగయు ప్రతి మడుగును తెలియును. వారిలో ఇష్టమున్నవారికి అటవీశాఖయు, పర్యాటకశాఖయు, మత్స్యకార సహకార సంఘములును కలిసి తెలుగులోనే శిక్షణము ఇచ్చి, పరీక్షించి, అధికారపత్రము ఇచ్చి, పడవకు ఇంతయని గాక మార్గదర్శకునికి ఇంతయని ప్రత్యేకముగ రుసుము నిర్ణయింపవలెను. ఆ శిక్షణకు గురువులుగ కోరంగి పడవవారిని పిలువవలెను. పక్షులను లేపుటకు నిరాకరించు అధికారమును ఆ పత్రమునందే వ్రాసియివ్వవలెను. లేనిచో సొమ్మిచ్చినవాని మాటయే చెల్లును.

రైతుకు తీరికెక్కడిదని అనువారు కలరు. పసుపు బోర్డు కావలెనని ఏండ్లతరబడి ఎండలో నిలిచి, 2025లో దాని ప్రధాన కార్యాలయమును నిజామాబాదునకు రప్పించుకొన్న రైతులకు అడుగుటయు తెలియును, ఓపిక పట్టుటయు తెలియును. ఇంకను, పసుపు త్రవ్వకము సంక్రాంతి దాటినగాని ముమ్మరము కాదు. వలసపక్షులు నవంబరునాటికే కోరంగి చేరియుండును. ఆర్మూరు, బాల్కొండ ఉన్నత పాఠశాలల నుండి తొమ్మిదవ తరగతి పిల్లలను డిసెంబరులో ఒక జట్టుగ పంపుటకు జిల్లా విద్యాశాఖ పూనుకొన్నచో, కాకినాడవరకు బస్సు ఖర్చును మా అంగడి వర్తకులు భరించుట కష్టము కాదు; వారిలో కొందరిని నేనే అడిగియున్నాను, కాదనలేదు. దినము నిర్ణయించునప్పుడు మాత్రము సెలవుల పట్టిక చూడక, అమావాస్యయో పౌర్ణమియో దాటిన రెండు మూడు దినములలో పెట్టవలెను. అప్పుడు పాటు పెద్దదై బురద దూరమువరకు బయటపడును. ఆ వేళను ఇక్కడనుండి ఎవరును నిశ్చయింపక, ముందుగ కోరంగి పడవవారినే అడిగి తెలిసికొనవలెను.